ఒకే కంచం, మూడు పథ్యాలు: షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు కలిసినప్పుడు తిండి లెక్క

క్లుప్తంగా

షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు ఒకే మనిషికి ఉన్నప్పుడు మూడు పథ్యాల్లోని ‘వద్దు’లన్నీ కలుపుకుంటూ పోతే కంచంలో మిగిలేది చారన్నమే. ఏది మానాలో చెప్పాల్సింది జబ్బు పేరు కాదు, తాజా రక్తపరీక్ష. పొటాషియం పెరగడం, షుగరు పడిపోవడం, ఒంట్లో నీరు చేరడం ప్రాణం మీదికి తెచ్చేవి కాబట్టి వాటి లెక్క ముందు చూడాలి. మిగిలిన పేచీల్లో చాలా వాటిని పరిమాణం, వండే తీరు, తినే వేళ మార్చి సర్దుకోవచ్చు. మూడు జబ్బులూ ఒకే మాట మీద ఉండేది ఉప్పు దగ్గర.

మూడు చీటీలు, ఒక వంటిల్లు

షుగరు వచ్చిన పదిహేను, ఇరవై ఏళ్లకు బీపీ తోడవడం, రెండూ కలిసి కిడ్నీలను దెబ్బతీయడం చాలా ఇళ్లలో కనిపించే వరసే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు, పెద్దల్లో 35.5 శాతం మందికి బీపీ ఉన్నట్టు లెక్కగట్టింది. ఈ రెండు లెక్కల్లోనూ ఉన్నవాళ్లు కోట్లలోనే ఉంటారు.

అలాంటి మనిషి చేతికి మూడు చీటీలు వస్తాయి. షుగరు చీటీ తెల్లన్నం తగ్గించి రాగులు, కొర్రలు, పప్పులు, ఆకుకూరలు, జామకాయ తినమంటుంది. బీపీ చీటీ ఉప్పు తగ్గించి పండ్లు, కూరగాయలు, కొబ్బరినీళ్లు పెంచమంటుంది. పొటాషియం ఎక్కువగా ఉండే ఆహారం బీపీని తగ్గిస్తుందన్నది నిజం కూడా. కిడ్నీ చీటీ వచ్చి ఆ రెండింట్లో సగం కొట్టేస్తుంది: ఆకుకూరలు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, పప్పు తగ్గించు, ముడిధాన్యాలు తగ్గించు. మూడూ తప్పు కావు. దేని జబ్బు వరకు అది సరైనదే.

చిక్కు చీటీలు తయారయ్యే పద్ధతిలోనే ఉంది. వైద్య మార్గదర్శకాలు ఎక్కువగా ఒక్కో జబ్బుకు విడిగా రాసినవి. వాటికి ఆధారమైన పరీక్షల్లో వేరే పెద్ద జబ్బులున్నవాళ్లను తరచూ చేర్చుకోరు. 2005లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ ఈ సంగతిని అంకెల్లో చూపింది. షుగరు, బీపీ సహా అయిదు జబ్బులున్న 79 ఏళ్ల మహిళను ఊహించుకుని, ఏ జబ్బు మార్గదర్శకాలను ఆ జబ్బుకు అక్షరాలా పాటించి చూస్తే, రోజుకు 12 రకాల మందులు 19 మోతాదులుగా వేసుకోవాల్సి వచ్చింది. మందుల సంగతే అలా ఉంటే, రోజుకు మూడు పూటలా వండే తిండి సంగతి చెప్పనక్కర్లేదు.

‘వద్దు’లన్నీ కూడితే ఏమవుతుంది

భయంతో ఇంట్లోవాళ్లు చేసే పని ఒకటే, మూడు జాబితాల్లో ఎక్కడ ‘వద్దు’ అని ఉన్నా మానిపించడం. షుగరని అన్నం సగం చేస్తారు. కిడ్నీ అని పప్పు, గుడ్డు, పెరుగు తీసేస్తారు. కొలెస్టరాల్ అని నూనె పోయరు. శరీరానికి శక్తినిచ్చేవి పిండి పదార్థం, ప్రొటీన్, కొవ్వు, ఈ మూడే. మూడూ తగ్గాక శక్తి ఇక ఎక్కడి నుంచి వస్తుంది? సొంత కండ నుంచి. కిడ్నీ జబ్బున్న మనిషికి కిలో బరువుకు రోజుకు 25 నుంచి 35 కేలరీలు కావాలి. అంటే 60 కిలోల మనిషికి కనీసం 1,500. అది అందకపోతే కండ కరిగి, దానిలోని ప్రొటీన్ విరిగి యూరియాగా మారుతుంది. కిడ్నీకి బరువు తగ్గించాలని చేసిన పథ్యం చివరికి యూరియానే పెంచుతుంది.

ఇక్కడ రిపోర్టు కూడా మోసం చేస్తుంది. కిడ్నీ పనితీరును అంచనా వేయడానికి చూసే క్రియాటినిన్ (అది పెరిగితే కిడ్నీ మందగించినట్టు లెక్క) పుట్టేది కండరాల్లో. కండ తగ్గితే క్రియాటినిన్ కూడా తగ్గుతుంది, కిడ్నీ పనితీరు ఏమీ మెరుగుపడకపోయినా. 2.4 ఉన్నది 2.1కి దిగిందని ఇంట్లో సంతోషపడే రోజున మనిషి అయిదు కిలోలు తగ్గి, కూర్చున్న చోటి నుంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతుంటే, ఆ తగ్గుదలను మెరుగుగా చదవకూడదు.

షుగరుదీ అదే కథ. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి బయటికి పంపే పనిలో కిడ్నీకి పెద్ద వాటా ఉంది. కిడ్నీ మందగిస్తే ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది, షుగరు తగ్గుతూ వస్తుంది. ‘పథ్యం పనిచేసింది, షుగరు నయమైంది’ అనుకునే చాలా సందర్భాల్లో జరుగుతున్నది కిడ్నీ ఇంకో మెట్టు దిగడం. రక్తహీనతకు ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో, రక్తం ఎక్కించుకున్నవాళ్లలో మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ కూడా ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. అందుకే ఆ దశలో గ్లూకోమీటరుతో ఇంట్లో చూసుకునే అంకెలకే విలువ ఎక్కువ.

పొటాషియం: అసలు తగవు ఇక్కడే

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 5.5 దాటితే డాక్టరుకు కబురు చేయాలి. 6 దాటితే అదే రోజు ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి, ఎందుకంటే ఇది గుండె లయను చెడగొడుతుంది, చాలాసార్లు ముందస్తు లక్షణాలేవీ చూపించదు. మూడు పథ్యాల్లో అన్నిటికన్నా పెద్ద వైరుధ్యం దీని చుట్టూనే ఉంది. అన్నిటికన్నా ఎక్కువ అపార్థం కూడా.

మొదటి అపార్థం, కిడ్నీ జబ్బు అనగానే పొటాషియం మానాలనుకోవడం. తగ్గించాల్సింది రక్తంలో అది పెరిగినవాళ్లు, పెరిగే వైపు పోతున్నవాళ్లు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత ఎంత ఉందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ జబ్బు ముదిరినట్టు) 50 ఉండి, పొటాషియం 4.2 ఉన్న మనిషికి తోటకూర మానిపిస్తే పోయేది పీచు పదార్థం, విటమిన్లు. ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ వంటి మాత్ర వాడేవాళ్లకు మూత్రంలో పొటాషియం పోయి 3.2కి పడిపోవచ్చు. ఒకే వీధిలో ఇద్దరికీ ‘కిడ్నీ, గుండె’ జబ్బే అయినా, ఒకరికి అరటిపండు మందు, ఇంకొకరికి ముప్పు.

రెండో అపార్థం, నేరమంతా తిండి మీద వేయడం. బీపీకి, కిడ్నీ రక్షణకు ఇచ్చే టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ వంటి మందులు పొటాషియాన్ని పెంచుతాయి. గుండె బలహీనతకు ఇచ్చే స్పిరోనోలాక్టోన్ ఇంకా ఎక్కువ పెంచుతుంది. కీళ్లనొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీని నొక్కి అదే పని చేస్తాయి. మలబద్ధకం ఉంటే పేగుల ద్వారా పోవాల్సిన పొటాషియం పోదు. ఇన్సులిన్ చాలక షుగరు బాగా పెరిగినప్పుడు కణాల్లో ఉండాల్సిన పొటాషియం రక్తంలోకి వస్తుంది. షుగరు 350 ఉన్న మనిషికి కూరలు మానిపించే ముందు ఇన్సులిన్ సంగతి చూడాలి. టెల్మిసార్టన్, రామిప్రిల్ రకం మందులు కిడ్నీని కాపాడేవి కాబట్టి పొటాషియం పెరిగిందని సొంతంగా ఆపేయకూడదు. అవి మొదలుపెట్టినా, మోతాదు పెంచినా రెండు నుంచి నాలుగు వారాల్లో రక్తపరీక్ష చేయించాలి.

ఒక్కోసారి అంకె కూడా అబద్ధమే. రక్తం తీసేటప్పుడు పట్టీ ఎక్కువసేపు బిగించినా, పిడికిలి పదే పదే మూసి తెరవమన్నా, నమూనాలో ఎర్రకణాలు పగిలినా లేని పొటాషియం కనిపిస్తుంది. ఎన్నడూ లేనిది ఒక్కసారిగా 5.9 వస్తే డాక్టరు మళ్లీ పరీక్ష అడగడం అందుకే.

పొటాషియం నిజంగానే ఎక్కువగా ఉంటే తిండిలో తేలిగ్గా దొరికే దొంగలు రెండు. ఒకటి కొబ్బరినీళ్లు. 100 మిల్లీలీటర్లలో సుమారు 200 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక బొండాం తాగితే 500 నుంచి 600 వచ్చి పడుతుంది, నమిలే పని లేదు, కడుపు నిండేది లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది ఊరికే చెప్పే ఉదాహరణ కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో పంటలంటే కొబ్బరి, జీడి, పనస. అక్కడ ఏళ్లుగా వ్యాపించిన కిడ్నీ జబ్బు చాలామందిలో షుగరు వల్ల వచ్చినది కాదు. వాళ్లకు షుగరు చీటీలోని నిషేధాలతో పని లేదు. దొడ్లో కాసిన కొబ్బరి మాత్రం లెక్కలోకి రావాలి. అన్నం, నూనె తగ్గించి కొబ్బరినీళ్లు తాగిస్తే సరిగ్గా తలకిందుల పథ్యమవుతుంది.

రెండో దొంగ ‘తక్కువ సోడియం ఉప్పు’. బీపీ ఉన్నవాళ్ల కోసమని అమ్మే ఈ ప్యాకెట్లలో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఒట్టి బీపీ ఉన్న మనిషికి ఇది మేలే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దలకు దీన్ని సూచించింది, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లను మాత్రం ఆ సూచన నుంచి మినహాయించింది. ఇంట్లో తండ్రికి బీపీ ఉందని కొన్న ఉప్పు, కిడ్నీ జబ్బున్న తల్లి కూరలోనూ పడుతుంది. ప్యాకెట్ వెనక పొటాషియం క్లోరైడ్ అని ఉందేమో చూడటం అర నిమిషం పని.

వార్చిన నీళ్లు ఎటు పోతున్నాయి

పొటాషియం నీటిలో కరుగుతుంది. అందుకే వండే తీరుతో చాలా మార్చుకోవచ్చు. ఆలుగడ్డ, చేమ, కంద వంటివాటిని చెక్కు తీసి, అంగుళం కన్నా చిన్న ముక్కలు కోసి, నాలుగైదు రెట్ల నీళ్లలో ఉడికించి వార్చేస్తే ఆలుగడ్డలో సుమారు సగం పొటాషియం పోతుంది. సన్నటి తురుములా కోస్తే ముప్పాతిక దాకా పోతుంది. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి ఊరుకుంటే పెద్దగా పోదు. పోవాలంటే ఉడకాలి. కుక్కరులో కొద్ది నీళ్లు పోసి ఆ నీళ్లతోనే కూర దింపితే ఉన్నదంతా కూరలోనే ఉంటుంది.

తెలుగు వంటింట్లో అసలు పొరపాటు ఆ తర్వాత జరుగుతుంది. కందిపప్పు ఎక్కువ నీళ్లలో ఉడికించి, పైన తేరిన కట్టు తీసి, దానితో చారు కాస్తారు. పప్పు తగ్గించామన్న తృప్తితో రోగికి ఆ కట్టుచారే రెండు గ్లాసులు పోస్తారు. పప్పులోంచి బయటికి వచ్చిన పొటాషియం ఉన్నది ఆ నీళ్లలోనే. ఉలవచారు ఇంకో మెట్టు పైన, ఎందుకంటే ఉలవలు గంటల తరబడి ఉడికిన నీటిని మరిగించి చిక్కబరుస్తారు. పప్పు తిని కట్టు పారబోయడం కిడ్నీకి మంచిది, కట్టు తాగి పప్పు మానడం రెండు విధాలా నష్టం. ఇంట్లోవాళ్లకు ఇది దుబారాలా కనిపిస్తుంది కాబట్టి కారణం చెప్పి ఒప్పించాలి.

ఈ పద్ధతికి మూల్యం కూడా ఉంది. ఉడికించి వార్చితే బి, సి విటమిన్లు పోతాయి. మెత్తగా ఉడికిన ఆలుగడ్డ షుగరును త్వరగా పెంచుతుంది. కాబట్టి పొటాషియం అదుపులో ఉన్నవాళ్లు అన్ని కూరలూ ఇలా వార్చి పారబోయాల్సిన పని లేదు.

రాగులా, తెల్లన్నమా

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ముడి తెల్లబియ్యంలో పిండి పదార్థం సుమారు 78 గ్రాములు, రాగుల్లో 67. తేడా ఉంది, కానీ జనం అనుకునేంత లేదు. దానికి తోడు రాగులను మెత్తటి పిండి చేసి జావ కాస్తే అది అరిగే వేగం పెరుగుతుంది. పెద్ద గ్లాసుడు రాగిజావ, షుగరు ఉన్నవాళ్లు తాగకూడని తీపి పానీయంలానే పనిచేసిన రోజులుంటాయి. భోజనమైన రెండు గంటలకు గ్లూకోమీటరు పెట్టి చూసుకుంటే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది.

కిడ్నీ వైపు నుంచి చూస్తే అంకెలు తిరగబడతాయి. కిడ్నీ మందగిస్తే రక్తంలో పేరుకునే ఫాస్ఫరస్ తెల్లబియ్యంలో 100 గ్రాములకు సుమారు 100 మిల్లీగ్రాములు, రాగుల్లో 200 పైన. పొటాషియం బియ్యంలో 100కు కాస్త అటూ ఇటూ, రాగుల్లో 400 పైన. ఫాస్ఫరస్ దగ్గర ఒక మెలిక ఉంది. ధాన్యాలు, పప్పుల్లో అది ఫైటేట్ రూపంలో ఉంటుంది, దాన్ని మన పేగులు సగానికి లోపే పీల్చుకుంటాయి. మాంసం, పాలల్లోది 40 నుంచి 60 శాతం దాకా ఒంటికి పడుతుంది. ఫ్యాక్టరీలో కలిపే ఫాస్ఫేట్లు మాత్రం దాదాపు మొత్తం ఎక్కుతాయి. నల్లటి కూల్ డ్రింకులు, నిల్వ ఉంచిన మాంసం ముక్కలు, చీజ్ స్ప్రెడ్లు ఆ కోవలోవి. పప్పు మానేసి కూల్ డ్రింకు తాగేవాళ్లు పొదుపు చేయాల్సిన చోట కాకుండా ఇంకో చోట చేస్తున్నట్టే.

ఆచరణలో రాజీ ఇలా ఉంటుంది. ఈజీఎఫ్‌ఆర్ 45కు పైన, పొటాషియం, ఫాస్ఫరస్ మామూలుగా ఉన్నవాళ్లు రాగిసంకటి, జొన్నరొట్టె తినవచ్చు. ఈజీఎఫ్‌ఆర్ 30కి దిగువన, ఆ రెండూ పెరుగుతున్నవాళ్లకు కొలిచిన తెల్లన్నమే మేలు. అన్నం వల్ల షుగరు ఎగబాకకుండా చేసే మార్గాలు వేరే ఉన్నాయి. ముందు కూర, తర్వాత గుడ్డో పప్పో, చివర అన్నం తింటే భోజనం తర్వాతి షుగరు కొంత తగ్గుతుంది. ఒక్కసారే పెద్ద ముద్ద కాకుండా మూడు పూటలకు పంచుకోవచ్చు. భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు నడవచ్చు. ఇవేవీ పొటాషియాన్ని ముట్టుకోవు.

ప్రొటీన్: 48 గ్రాములంటే ఎంత

కిడ్నీ జబ్బు మూడో దశ నుంచి, అంటే ఈజీఎఫ్‌ఆర్ 60 కన్నా తగ్గాక, డయాలసిస్ అవసరం రాని రోజుల్లో కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ అన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న కొలత. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఈ అంకె వినగానే చాలామంది పప్పు, గుడ్డు మానేయాలేమో అనుకుంటారు. లెక్క వేసి చూస్తే వేరేలా ఉంటుంది.

రోజుకు ముడి బియ్యం 150 గ్రాములు తింటే 12 గ్రాములు. గోధుమ రొట్టెలకు 50 గ్రాముల పిండి, 5 గ్రాములు. కందిపప్పు 40 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, 9 గ్రాములు. పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు, 9 నుంచి 10. ఒక గుడ్డు, 6 గ్రాములు. కూరగాయలు 300 గ్రాములు, 4 నుంచి 5. మొత్తం 45 నుంచి 47 అవుతుంది. పప్పూ ఉంది, పెరుగూ ఉంది, గుడ్డూ ఉంది. మామూలు తెలుగు భోజనం ఈ హద్దులోనే ఇముడుతుంది. హద్దు దాటేది వారానికి మూడు సార్లు పావు కిలో చికెన్ తిన్నప్పుడు, లేదా బలానికని ప్రొటీన్ పొడి డబ్బా తెచ్చినప్పుడు. పావు కిలో చికెన్ ఒక్కటే రోజు కోటా మొత్తం తినేస్తుంది.

బరువు తగ్గించి షుగరు దించడానికని పిండి పదార్థం దాదాపు తీసేసి కొవ్వు, మాంసం పెంచే డైట్లు ఈ గుంపులోవాళ్లకు సరిపడవు. ప్రొటీన్ హద్దు దాటడం ఒక కారణం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు వాడేవాళ్లలో పిండి పదార్థం మరీ తగ్గినా, కఠిన ఉపవాసం చేసినా రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు, అదీ షుగరు అంకె పెద్దగా పెరగకుండానే. కార్తీక సోమవారం ఉపవాసమైనా, వాంతులతో తిండి దిగని రోజైనా ఆ మాత్ర సంగతి డాక్టరును ముందే అడిగి పెట్టుకోవాలి.

ఉప్పు: పేచీ లేని చోటు

రోజుకు 5 గ్రాములు, ఒక టీచెంచా. షుగరుకైనా, బీపీకైనా, కిడ్నీకైనా, గుండెకైనా ఇదే అంకె. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో ప్రొటీన్ పోకుండా ఆపే టెల్మిసార్టన్ రకం మందుల పనితనం కూడా తగ్గుతుంది, అంటే మాత్ర వేసుకుంటూనే దాని ఫలితం పోగొట్టుకోవడం.

ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవడం తేలిక. నలుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున నెలకు 600 గ్రాములు చాలు. కిలో ప్యాకెట్ నెలకే అయిపోతోందంటే తలా 8 గ్రాములు దాటుతోంది, పచ్చళ్లు, పాపడాలు, బయటి తిండి కాకుండా. పచ్చడి లెక్క చూడండి: కిలో మామిడి ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి పావు కిలో చొప్పున, నూనె 300 గ్రాములు వేస్తే రెండు కిలోల పైచిలుకు ఆవకాయ అవుతుంది, అందులో ఉప్పు 12 శాతం. 15 గ్రాముల బద్దా గుజ్జూ వేసుకుంటే దాదాపు 2 గ్రాముల ఉప్పు, రోజు కోటాలో మూడో వంతుకు పైనే. సైంధవ లవణం వాడినా తేడా రాదు, అదీ ఎక్కువ భాగం సోడియం క్లోరైడే. మజ్జిగ మిరపకాయలు, వడియాలు, బజ్జీల పిండిలో వంటసోడా, కడుపుబ్బరానికి నీళ్లలో వేసుకునే పొంగే పొడి, అన్నీ సోడియం ఖాతాలోకే వస్తాయి. చప్పదనాన్ని కప్పడానికి నిమ్మరసం, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి పనికొస్తాయి. చారులో వాడే పది గ్రాముల చింతపండుకు భయపడనక్కర్లేదు, అందులో పొటాషియం 60 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ.

నీళ్ల పథ్యం కూడా దీనికే ముడిపడి ఉంది. గుండె బలహీనతకు రోజుకు లీటరున్నర, రెండు లీటర్లని హద్దు పెడతారు. కిడ్నీలో రాళ్లున్న మనిషికి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత తాగమంటారు. రెండూ ఉన్నవాళ్లలో గుండెదే ముందు మాట. దాహం మాత్రం మాట వినదు. ఉప్పు ఎక్కువైనా, షుగరు 250 దాటినా నోరు పిడచగట్టుకుపోతుంది. ఆ రెంటినీ తగ్గించకుండా నీళ్ల సీసా దాచిపెట్టి లాభం లేదు.

షుగరు పడిపోయిన క్షణంలో

70 కన్నా దిగువకు పడితే 15 గ్రాముల తీపి ఇచ్చి, పదిహేను నిమిషాలు ఆగి, మళ్లీ చూడాలన్నది అందరికీ తెలిసిన సూత్రం. షుగరుతో పాటు వేరే జబ్బులూ ఉన్నవాళ్లకు ఇందులో రెండు గోతులున్నాయి. కంగారులో ఇచ్చే బత్తాయి రసం, కొబ్బరినీళ్లు పొటాషియం ఎక్కువున్నవాళ్లకు పనికిరావు. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగరు మాత్రలు వాడేవాళ్లకు పంచదార కూడా సరిగా పనిచేయదు. పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మాత్రలు అడ్డుకుంటాయి కాబట్టి అది రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. రెండు సందర్భాలకూ సరిపోయేది మందుల దుకాణంలో దొరికే గ్లూకోజ్ పొడి, మూడు టీచెంచాలు అరగ్లాసు నీళ్లలో. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్రలు వాడేవాళ్లలో కిడ్నీ మందగించాక ఈ పడిపోవడం ఒక్కసారితో ఆగదు. మందు ఒంట్లో నిలిచి ఉంటుంది కాబట్టి కొన్ని గంటల తర్వాత మళ్లీ పడుతుంది. పథ్యం బిగించిన వారంలో మందు మోతాదు తగ్గించకపోవడమే దీనికి తరచుగా కనిపించే కారణం. మెట్‌ఫార్మిన్‌దీ ఇలాంటి మెట్టే: ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా దిగువకు వస్తే ఆపాలి, 45కు లోపు మోతాదు తగ్గించాలి.

మరికొన్ని చిన్న పేచీలు

గుండె కవాటం మార్చినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అసినోకౌమరాల్ మాత్రలకు ఆకుకూరల్లోని విటమిన్ కె ఎదురు పనిచేస్తుంది. అంతమాత్రాన ఆకుకూర మానేయక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తింటే మందును దానికి తగ్గట్టు సర్దుతారు. నెలంతా మానేసి, ఆషాఢంలో వరసగా మునగాకు తింటేనే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష) అంకె తప్పుతుంది.

రాళ్లున్నవాళ్లు కాల్షియం అని పెరుగు మానడం తిరకాసు పథ్యం. పాలకూర, తోటకూరలో ఉండి రాళ్లు కట్టించే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టి ఉంచేది పెరుగులోని కాల్షియమే, రెండూ ఒకే భోజనంలో ఉంటే మంచిది. గౌట్ ఉందని పప్పు మానడం కూడా ఎక్కువ సందర్భాల్లో అనవసరం. యూరిక్ ఆమ్లాన్ని బాగా పెంచేవి కాలేయం, మెదడు, నెత్తళ్లు, బీరు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి, కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఫాస్ఫరస్ పట్టే మాత్ర మాత్రం అన్నంతోపాటే మింగాలి, తిన్న గంటకు వేసుకుంటే పట్టడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఏ మాట ముందు వినాలి

నాలుగు మెట్లు పెట్టుకుంటే గందరగోళం తగ్గుతుంది. గంటల్లో ముంచేవి మొదటి మెట్టు: పొటాషియం, షుగరు పడిపోవడం, ఆయాసం తెచ్చే నీరు. వారాల్లో దెబ్బతీసేది రెండోది: బరువు, కండ తగ్గడం. నెలలు, ఏళ్ల మీద పనిచేసేవి మూడోది: సగటు షుగరు, బీపీ, మూత్రంలో పోయే ప్రొటీన్. ఫాస్ఫరస్, యూరిక్ ఆమ్లం, కొలెస్టరాల్ నాలుగో మెట్టు, చాలావరకు మందులతో సర్దేవి. ఒక పదార్థం మీద రెండు చీటీలు తగువులాడితే పై మెట్టు మాట చెల్లుతుంది. రెండూ ఒకే మెట్టులో ఉంటేనే డాక్టర్లిద్దరూ మాట్లాడుకోవాల్సిన సందర్భం.

పోషకాహార నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్, పొటాషియం, ఫాస్ఫరస్, అల్బుమిన్, హిమోగ్లోబిన్ రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు, మూడు రోజుల తిండి రాసిన కాగితం పట్టుకెళ్లాలి. ఆ మూడు రోజుల్లో ఒకటి ఆదివారమై ఉండాలి. అడగాల్సిన ప్రశ్నలు సూటిగా ఉండాలి: రోజుకు ప్రొటీన్ ఎన్ని గ్రాములు, పొటాషియం ఇప్పుడు తగ్గించాలా వద్దా, నీళ్లు ఎన్ని, కేలరీలు ఎన్ని. ‘కిడ్నీ డైట్’ అని అచ్చేసిన కాగితంలో ఈ నాలుగు అంకెలూ ఖాళీగా ఉంటే అది ఇంకా ఎవరికీ చెందని కాగితమే.

జాబితాకు తేదీ ఉండాలి, ఎందుకంటే అది తిరగబడే రోజు వస్తుంది. డయాలసిస్ మొదలైన నాటి నుంచి ప్రతి విడతలో కొంత ప్రొటీన్ బయటికి పోతుంది, అవసరం కిలోకు 1 నుంచి 1.2 గ్రాములకు పెరుగుతుంది. నిన్నటిదాకా 48 గ్రాములకు కట్టడి చేసిన 60 కిలోల మనిషికి ఇక 60 నుంచి 72 గ్రాములు కావాలి. పొటాషియం, నీళ్ల మీద పట్టు మాత్రం ఇంకా బిగుస్తుంది. పాత చీటీ ఫ్రిజ్ మీద అలాగే అతికి ఉంటే, రోజుకు ఒకటే ఇస్తున్న గుడ్డును మూడు చేయాల్సిన వారంలో ఉన్న ఒక్కటీ మానిపించే ప్రమాదం ఉంది.